ఎదురుకాళ్ల కాన్పు – లెక్కయు, నేర్పును

తల ముందుగా గాక కాళ్లో పిరుదులో ముందుగా వచ్చి పుట్టిన బిడ్డను తెలుగువారు ఎదురుకాళ్లతో పుట్టిన బిడ్డ అందురు. ఆ మాటలో కొంత వెఱపు, కొంత వింత కలసి యున్నవి. నడుము పట్టినవారు ఎదురుకాళ్లతో పుట్టినవారిచేత నడుముపై తన్నించుకొనినచో నొప్పి తీఱునని పల్లెలలో ఒక నమ్మకము కలదు. ఆపదను దాటి వచ్చిన కాళ్లకు ఏదో మహిమ యుండి తీఱవలెనని లోకము భావించినది కాబోలు. రోమను జాతియందును ఇట్టి భావమే కనబడును. క్రీ.శ. 79లో మరణించిన ప్లినీ తన ‘ప్రకృతి చరిత్ర’ ఏడవ సంపుటమున, పాదములు ముందుగా పుట్టుట ప్రకృతికి విరుద్ధమనియు, అట్లు కష్టముతో పుట్టినవారికే ‘అగ్రిప్పా’ అను పేరు వచ్చెననియు వ్రాసెను. సీజరు అను పేరునకు తల్లి గర్భమును కోసి తీయుటతో సంబంధము చెప్పినదియు ఆ గ్రంథమే. జూలియస్ సీజరు పెరిగి పెద్దవాడై పేరు గడించిన పిదపకూడ ఆతని తల్లి ఆరేలియా జీవించియే యుండెను. ఆ కాలమున కడుపు కోయుట చనిపోయిన తల్లికో, చావు తప్పని తల్లికో మాత్రమే జరుగుచుండెను. కావున ఆతడు అట్లు పుట్టెనను కథను చరిత్రకారులు నమ్మరు. ఐనను పేర్లు రెండును నిలిచినవి. ఎదురుకాళ్ల బిడ్డ ఏ త్రోవను రావలెనని నేడు వైద్యలోకమున జరుగుచున్న వాదము, ఒక విధముగా, అగ్రిప్పా త్రోవయా, సీజరు త్రోవయా అను వాదమే.

ఈ వాదము వైద్యుల గదులలోనే ముగియవలసినది కాదు. ఒక్క పరిశోధన ప్రకటించిన ఒక్క అంకె, రెండు మూడేండ్లలో, దేశదేశముల ప్రసూతి వైద్యుల చేతులనుండి తరతరముల నేర్పును జారవిడిపించిన చరిత్ర యిది. ఆ అంకె అసత్యము కాదు. కాని అది చెప్పినదానికంటె ఎక్కువ దానిచేత చెప్పించిరి. లెక్కలను బోధించువారును, వాటిని నేర్చువారును తెలిసికొనదగిన పాఠము ఇందు కలదు. అంతకు మించి, పుట్టబోవు పసికందుల ప్రాణములు ఇందు కలవు.

మొదట విషయస్వరూపము. గర్భమున ఏడవ నెల ప్రాంతమున నాల్గింట ఒకటో ఐదింట ఒకటో శిశువులు తల పైకి ఉంచి కూర్చుండియే యుండును. నెలలు నిండుకొలది వానిలో అధికభాగము తమంత తామే తలక్రిందుగా తిరుగును. నెలలు నిండిన తరువాతను తిరుగక మిగిలిపోవునవి నూటికి మూడు నాలుగు. వీనిలో కొన్ని కాళ్లను ముఖమువైపునకు నిటారుగా చాచి పిరుదులతో వచ్చును. కొన్ని బాసిపట్టు వేసికొన్నట్లు మోకాళ్లు మడచి వచ్చును. కొన్నింటికి ఒక పాదమో రెండు పాదములో ముందుగా జాఱును. ఈ కడపటి దానిలో బొడ్డుత్రాడు కూడ ముందుగా జాఱిపడు భయము హెచ్చు.

తలతో వచ్చు బిడ్డకు దేహమున మిక్కిలి పెద్దదియు గట్టిదియు నగు భాగము మొదట వచ్చును. అది గంటలకొలది ఒత్తిడికి లోనై, కటివలయమునకు తగినట్లు రూపు సవరించుకొనును. తల వచ్చిన పిదప తక్కిన దేహము సులభముగా జాఱివచ్చును. ఎదురుకాళ్ల బిడ్డకు ఇది తలక్రిందగును. మెత్తని భాగము ముందు వచ్చి, తల కడపట మిగులును. తల రూపు సవరించుకొనుటకు అప్పుడు వ్యవధి యుండదు. బొడ్డు బయటికి వచ్చినది మొదలు త్రాడు తలకును తల్లి యెముకలకును నడుమ నలుగును. బిడ్డకు ప్రాణవాయువు తగ్గును. ఈ కొలది నిమిషములలో ప్రక్కనున్నవారు తొందరపడి లాగినచో చేతులు తలకు పైగా పోయి చిక్కుకొనును, మెడ వెనుకకు వాలును, నరములు తెగును. ఊరక చూచుచు అవధి దాటనిచ్చినచో మెదడు దెబ్బతినును. ఎప్పుడు చేయి ముట్టరాదో, ఎప్పుడు ముట్టక తప్పదో ఎఱుగుటయే ఈ కాన్పునందలి విద్య యంతయు.

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానమున ఒక అధ్యాయము మూఢగర్భ చికిత్సకే కేటాయింపబడినది. ఏ అంగముతో బిడ్డ అడ్డుపడినదో దానినిబట్టి చేయి ఎట్లు నడువవలెనో అందు చెప్పబడినది. పిరుదులతో వచ్చిన బిడ్డను పైకి నెట్టి కాళ్లు పట్టి తీయు పద్ధతియు అందు కలదు. ఫ్రాన్సు దేశమున 1668లో గ్రంథము వ్రాసిన మోరిసో పేరు, కడపట మిగిలిన తలను వంచి సురక్షితముగా తీయు పద్ధతికి నేటికిని నిలిచియున్నది. ఇరువదవ శతాబ్దిలో నార్వే వైద్యుడు లోవ్‌సెట్ బిడ్డ దేహమును అటునిటు త్రిప్పి, చిక్కుకొన్న చేతులను విడిపించు ఉపాయమును చెప్పెను. జర్మనీ వైద్యుడు బ్రాఖ్ట్ బిడ్డను లాగక, తల్లి ప్రయత్నమునకు తోడుపడి తల్లి కడుపువైపునకు ఎత్తుచు తీయుట నేర్పెను. పేర్లు వేఱైనను సూత్రము ఒక్కటే: లాగరాదు, ఓర్పుతో కనిపెట్టియుండి, అవసరమైనప్పుడు తడబాటు లేక చేయి కదపవలెను. ఇట్టి విద్య పుస్తకములవలన పట్టుబడదు. పెద్దవాని ప్రక్క నిలిచి, పదిసార్లు చూచి, పదిసార్లు ఆతని చేతిక్రింద చేసిన శిష్యునికే అబ్బును.

శస్త్రచికిత్స సురక్షితమగుకొలది ఈ కష్టమంతయు ఏల యను ప్రశ్న పుట్టినది. ఎదురుకాళ్ల బిడ్డలనెల్ల కడుపు కోసియే తీయుట మేలని 1959లోనే అమెరికాలో ఒక వైద్యుడు వాదించెను. తరువాతి నలువది యేండ్లలో ఆ వాదము బలపడుచు వచ్చెను గాని తీర్పు చెప్పగల గట్టి పరీక్ష లేకపోయెను. ఆ లోపమును తీర్చుటకు కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమునుండి మేరీ హన్నా నాయకత్వమున 1997లో ఒక మహాపరిశోధన ఆరంభమయ్యెను. 26 దేశములలోని 121 వైద్యశాలలు, 2,088 మంది గర్భిణులు ఇందు పాల్గొనిరి. నెలలు నిండిన ఎదురుకాళ్ల బిడ్డను మోయుచున్న తల్లులను, చీటీలు వేసి పంచినట్లు, రెండు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్స. రెండవ వర్గమునకు సహజ ప్రసవమునకు ప్రయత్నము. ఫలితములు 2000 అక్టోబరులో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడినవి.

ఆ ఫలితములు కలవరపెట్టునవి. శస్త్రచికిత్స వర్గమున 1,039 మంది శిశువులలో 17 మంది, అనగా నూటికి 1.6, మరణించిరి లేక తీవ్ర అస్వస్థతకు గుఱియైరి. సహజ ప్రసవ వర్గమున అంతే సంఖ్య గల శిశువులలో 52 మంది, అనగా నూటికి 5, ఆ గతి పొందిరి. మరణములు మాత్రమే తీసికొన్నచో మొదటి వర్గమున 3, రెండవ వర్గమున 13. ఆఱు వారములలోపల తల్లుల ఆరోగ్యమున రెండు వర్గములకును చెప్పదగిన భేదము కానరాలేదు. ఫలితము స్పష్టముగా తోచినందున పరిశోధనను అనుకొన్న సంఖ్య నిండకముందే ఆపివేసిరి.

ఇట్టి లెక్క చేతికి వచ్చిన పిదప ఏ వైద్యుడు వెనుకాడకుండును? అమెరికా ప్రసూతి వైద్యుల సంఘము 2001లో ఎదురుకాళ్ల కాన్పులకు ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సయే తగునని సలహా యిచ్చెను. నెదర్లాండ్సు దేశమున ఫలితములు వెలువడిన రెండు నెలలలోనే, ఎదురుకాళ్ల కాన్పులలో శస్త్రచికిత్సలు నూటికి 50 నుండి 80కి పెరిగినవి. అచ్చట అట్టి శిశువుల మరణములు నూటికి 0.35 నుండి 0.18కి తగ్గినవి. ఈ సంగతిని దాచుట న్యాయము కాదు. శస్త్రచికిత్స బిడ్డలను రక్షించుచున్నది. దానిని నిందించి, పాతకాలమంతయు మంచిదని పాడువారితో ఏకీభవించుటకు వీలు లేదు.

ఐనను కథ అంతటితో ముగియలేదు. ఆ పరిశోధనలోని బిడ్డలలో 923 మందిని రెండేండ్ల వయస్సు వచ్చిన పిదప మఱల పరీక్షించి, 2004లో ఫలితములను ప్రకటించిరి. మరణించినవారును, బుద్ధివికాసమున వెనుకబడినవారును కలిసి, శస్త్రచికిత్స వర్గమున నూటికి 3.1, సహజ ప్రసవ వర్గమున నూటికి 2.8. అనగా భేదము లేదు. పుట్టిన దినములలో తీవ్రముగా అస్వస్థులుగా ఎంచబడిన శిశువులలో పెక్కుమంది కోలుకొని, తోడివారివలెనే ఎదిగిరి. మొదటి వారముల లెక్కకును, రెండేండ్ల లెక్కకును ఇంత దూరము ఉండగలదని 2000లో తొందరపడినవారు ఊహింపలేదు.

మఱియొక సంగతి ఆ పరిశోధనలోనే దాగియుండెను. శిశుమరణములు తక్కువగా నుండు దేశములలో రెండు పద్ధతుల ఫలితములకు నడుమ అంతరము మిక్కిలి హెచ్చు: నూటికి 0.4కును 5.7కును ఉన్నంత. శిశుమరణములు ఎక్కువగా నుండు దేశములలో ఆ అంతరము నూటికి 2.9కును 4.4కును మాత్రమే. సంపన్న దేశముల వైద్యశాలలలో సహజ ప్రసవము పేద దేశములకంటెను హానికరముగా తేలుట ఆలోచింపదగిన విషయము. విమర్శకులు ఇందుకు కారణములు వెదకిరి. పరీక్షకు తగని గర్భిణులను కొందఱిని చేర్చుకొనుట, కొన్ని కాన్పులకు తగిన అనుభవము గల వైద్యుడు ప్రక్కన లేకపోవుట, కొన్నింట తల్లి ప్రయత్నము మితిమీఱి సాగుచున్నను ఊరకుండుట – ఇట్టి లోపములను వారు ఎత్తిచూపిరి. 1,039 మంది శిశువుల భాగ్యమును నిర్ణయించినది త్రోవ యొక్కటే కాదు. ఆ త్రోవలో కావలియున్న చేతులు కూడ.

ఈ మాటకు 2006లో గట్టి సాక్ష్యము దొరకినది. ఫ్రాన్సు, బెల్జియము దేశములలో సహజ ప్రసవము చేయించు అలవాటు అప్పటికి చెడిపోలేదు. అచ్చటి 174 వైద్యశాలలలో 8,105 మంది తల్లుల ఎదురుకాళ్ల కాన్పులను గమనించి వ్రాసిరి. వీరిలో 2,526 మంది సహజ ప్రసవమునకు నిర్ణయించుకొన్నవారు. వారి శిశువులలో హాని పొందినవారు నూటికి 1.60, శస్త్రచికిత్సకు నిర్ణయించుకొన్నవారి శిశువులలో నూటికి 1.45. లెక్కల శాస్త్రము దీనిని భేదముగా పరిగణింపదు. అచ్చటి వైద్యులు తల్లి కటివలయమును ముందుగా కొలిచిరి. బిడ్డ గుండె కొట్టుకొనుటను ఎడతెగక గమనించిరి. కడపటి ఘట్టము గంటకు మించి సాగనిచ్చుట మిక్కిలి అరుదు. తగని సందర్భమున శస్త్రచికిత్సకు వెనుదీయలేదు. మొదట సహజ ప్రసవమునకు పూనుకొన్నవారిలో నూటికి 71 మందికి ఆ కోరిక నెఱవేఱినది. తక్కినవారికి కాలము దాటకముందే కత్తి తోడుపడినది. ఇది చీటీలు వేసి పంచిన పరీక్ష కాదు, కావున దీని బలము వేఱు విధమైనది. ఐనను ఒక్క మాట నిస్సంశయముగా చెప్పుచున్నది: నేర్పు గలచోట లెక్క మాఱును.

పిమ్మట వైద్యసంఘములు తమ తీర్పును సడలించుకొన్నవి. అమెరికా సంఘము 2006లో తన సలహాను సవరించి, అనుభవజ్ఞుడు ఉన్నచో, గర్భిణి తగినదైనచో, సహజ ప్రసవమునకు చోటు కలదనెను. కెనడా సంఘము 2009లో అట్లే పలికెను. బ్రిటనులోని రాయల్ కళాశాల 2017లో వెలువరించిన సూచనలలో లెక్కను ఇంకను తేటగా చెప్పినది. ముందుగా నిర్ణయించి 39 వారములు నిండిన పిదప చేసిన శస్త్రచికిత్సలో వేయింటికి 0.5 శిశుమరణములు. ఎదురుకాళ్ల సహజ ప్రసవమునకు పూనుకొన్నచో వేయింటికి 2. తలతో వచ్చు బిడ్డకు సామాన్యమైన కాన్పులో వేయింటికి 1.

ఈ మూడు అంకెలను తరగతిలో నల్లబల్లపై వ్రాసి విద్యార్థులచేత చదివించుట మంచిది. ‘నాలుగు రెట్లు ప్రమాదము’ అని చెప్పినచో తల్లి గుండె ఆగును. ‘వేయిమందిలో 998 మంది బిడ్డలు బ్రదుకుదురు, శస్త్రచికిత్సలో మఱి ఒకరిద్దఱు బ్రదుకుదురు’ అని చెప్పినచో ఆమె ఆలోచింపగలదు. రెండును సత్యములే, ఒకే లెక్కనుండి పుట్టినవే. చెప్పువాడు ఏ వాక్యమును ఎన్నుకొనునో దానినిబట్టి వినుదాని నిర్ణయము మాఱును. అందువలన రెండు వాక్యములను చెప్పుట వైద్యుని ధర్మము. రెండును అడుగుట కుటుంబము నేర్వవలసిన విద్య.

లెక్కకు రెండవ ప్రక్క కూడ కలదు. నెదర్లాండ్సులో 2014లో వెలువడిన విచారణ ప్రకారము ఒక్క శిశుమరణమును తప్పించుటకు 338 శస్త్రచికిత్సలు చేయవలసివచ్చినది. ఆ ఒక్క బిడ్డ కన్నతల్లికి ఆ బిడ్డయే లోకము. ఆ 338 వ్యర్థములని ఎవ్వరును అనరాదు. కాని తక్కిన తల్లుల కడుపులపై మిగిలిన మచ్చ అంతటితో ఊరకుండునది కాదు. తరువాతి గర్భములలో ఆ మచ్చ చిట్లు భయము, మాయ ఆ మచ్చకు అంటుకొని ఊడిరాని భయము కలవు. ఒక్కొక్క శస్త్రచికిత్సతో ఆ భయము పెరుగును. అదే దేశమున 2000 మొదలు 2002 వఱకు, ఎదురుకాళ్ల కారణమున ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సల పిదప నలుగురు తల్లులు మరణించిరి. బిడ్డల పట్టికలో ఈ మరణములకు గడి లేదు.

ఇచ్చట ఒక ప్రశ్న రావచ్చును. శస్త్రచికిత్స అందుబాటులో నుండగా పాత నేర్పును ఏల మోయవలెను? దానికి సమాధానము కాన్పుల గది ద్వారమువద్దనే కలదు. ఎదురుకాళ్ల బిడ్డలందఱు ముందుగా తెలిపి రారు. నొప్పులు హెచ్చి, పిరుదులు కానవచ్చుచుండగా అర్ధరాత్రివేళ వచ్చు తల్లికి కత్తి సిద్ధము చేయు వ్యవధి యుండదు. నెలలు నిండక పుట్టు బిడ్డలలో ఎదురుకాళ్లవారు హెచ్చు. వారు తొందరగాను వత్తురు. కవలలలో మొదటి బిడ్డ తలతో వచ్చినను రెండవది తఱచు ఎదురుకాళ్లతో వచ్చును. కవలల కాన్పులపై టొరంటోనుండియే నడచి 2013లో వెలువడిన పరిశోధనలో, మొదటి బిడ్డ తలతో నున్నప్పుడు, శస్త్రచికిత్స నిర్ణయమువలన శిశువులకు అధికలాభము కనబడలేదు. హాని నూటికి 2.2, సహజ ప్రసవ నిర్ణయమున 1.9. కావున ఆ రెండవ బిడ్డను అందుకొనువారు ఎల్లకాలమును కావలెను. మంత్రసానితనమునకు ఒప్పుకొన్న పిదప ఏది వచ్చినను పట్టవలసినదే యని తెలుగువారి సామెత. పట్టుట మఱచిన చేతులకు ఆ బిడ్డ వచ్చినప్పుడు, 2000 సంవత్సరపు లెక్కలో కానరాని మరణములు సంభవించును.

తెలుగునాట ఈ భయము ఊహామాత్రము కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున నూటికి 21.5 కాన్పులు శస్త్రచికిత్సతో జరుగగా, ఆంధ్రప్రదేశమున 42.4, తెలంగాణమున 60.7 అట్లు జరిగినవి. దేశములో తెలంగాణముదే అగ్రస్థానము. ఎదురుకాళ్ల బిడ్డలు నూటికి ముగ్గురో నలుగురో. కాబట్టి ఈ సంఖ్యకు వారు కారణము కారు. కాని సగము కాన్పులు శస్త్రచికిత్సతో జరుగుచోట, తలతో వచ్చు బిడ్డ సహజ ప్రసవమును గూర్చియే శిష్యుడు చూచి నేర్చుకొను అవకాశము తఱుగుచుండును. ఎదురుకాళ్ల సంగతి చెప్పనేల? గురువు చేయనిది శిష్యుడు చూడడు, చూడనిది చేయడు, తాను గురువైనప్పుడు నేర్పలేడు. ఒక్క తరము తెగినచో ఈ గొలుసు మఱల అతుకుట కష్టము. ఛందస్సు ఎఱిగిన పండితుడు గతించినను లక్షణగ్రంథము మిగులును. ఈ విద్యకు అట్టి ఆధారము చాలదు.

మధ్యేమార్గమొకటి కలదు. దానిని మఱచుట తగదు. నెలలు నిండవచ్చినప్పుడు, 36, 37 వారముల వేళ, తల్లి కడుపుపై చేతులు మోపి, బిడ్డను మెల్లగా తలక్రిందుగా త్రిప్పవచ్చును. ఇది సుమారు సగము మందికి సఫలమగును. తొందరగా శస్త్రచికిత్స చేయవలసినంత చిక్కు రెండు వందలలో ఒకరికి మాత్రమే కలుగును. కాన్పు ఆరంభమగుటకు ముందే బిడ్డ తిరిగినచో ఈ వాదమంతయు ఆ యింట నిష్ప్రయోజనమగును. శస్త్రచికిత్సకు తేదీ నిర్ణయించుటకు ముందు, తగిన గర్భిణులకెల్ల ఈ ఉపాయమును చెప్పుట న్యాయము. శస్త్రచికిత్సయే నిశ్చయమైనప్పుడు, ముహూర్తము కొఱకు 39వ వారమునకు ముందే బిడ్డను తీయుటయు మానవలెను. ముందుగా తీసిన బిడ్డకు ఊపిరి చిక్కులు హెచ్చు. ఏ త్రోవను వచ్చినను ఎదురుకాళ్ల బిడ్డకు తుంటి కీలు జాఱియుండు సంభవము అధికము. పుట్టిన పిదప ఆ కీళ్లను పరీక్షింపవలెను. కోసి తీసినంతమాత్రమున అన్ని గండములు గడచినట్లు భావించుట పొరపాటు.

కావున చేయవలసినది స్పష్టము. తగిన నేర్పరి లేనిచోట ఎదురుకాళ్ల బిడ్డకు శస్త్రచికిత్సయే శరణ్యము. అచ్చట సాహసము పాపము. నేర్పరులు ఉన్న పెద్ద వైద్యశాలలలో, గర్భిణి తగినదైనప్పుడు, ఆమె కోరినప్పుడు, సహజ ప్రసవమునకు ద్వారము తెఱచియే యుండవలెను. ఆ ద్వారము ఆమె యొక్కతె కొఱకే కాదు. ఆ గదిలో నిలిచి చూచు యువ వైద్యుని కొఱకు, దాదికొఱకు కూడ. కాన్పులు చూచు ప్రతివారును బొమ్మలపైనైనను ఈ పద్ధతులను ఏటేట అభ్యసింపవలెను. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టున తల్లిని నిటారుగా నుంచి, బిడ్డను తనంత తానుగా జాఱనిచ్చు పద్ధతితో మంచి ఫలితములను సాధించి 2017లో ప్రకటించిరి. విడిచిన విద్యను తిరిగి పట్టుకొనవచ్చునని దీనివలన తెలియుచున్నది. ప్రభుత్వ వైద్యశాలలలో మంత్రసాని విద్యను వృత్తిగా నేర్పుటకు భారత ప్రభుత్వము 2018లో మార్గదర్శకములు వెలువరించెను. ఆ విద్యలో ఎదురుకాళ్ల కాన్పు ఒక పుటగా మిగిలిపోక, చేతిపనిగా నేర్పబడవలెను.

2000 సంవత్సరపు పరిశోధకులు తమ యెఱిగినంతలో సత్యమునే చెప్పిరి. వారి అంకె ఆ వైద్యశాలలది, ఆ చేతులది, ఆ ఆఱు వారములది. చదివినవారు ఆ హద్దులను చెఱిపి, దానిని ఎల్లచోట్లకు ఎల్లకాలమునకు విధిగా మార్చిరి. రేపు ఏ పల్లెటూరి వైద్యశాలకో నొప్పులతో వచ్చు తల్లికి ఆ విధి అక్కఱకు రాదు. ఆమె బిడ్డ పాదములు కానవచ్చినప్పుడు బెదరక, లాగక, తెలిసి అందుకొనగల రెండు చేతులు అక్కడ ఉండవలెను. అవి ఉండునో లేదో నేటి వైద్యవిద్యాలయములలో ఏమి నేర్పుచున్నారను దానిపై ఆధారపడియున్నది.